పిసెత్ జుట్టు, మొనీ చెయ్యి

అయ్యా,

జిల్లా అధికారి గారి సముఖమునకు, రేవులో ప్రహోక్ అను ఊరవేసిన చేప అమ్ముకొని బ్రతుకుచు, ఏటి ఎగువన, దిగువన ఉన్న బౌద్ధ విహారాల పందెపు పడవల కుర్రవాళ్ళకు ఆదివారాలు నీటి జాగ్రత్తలు, నీటి మర్యాదలు నేర్పుచున్న యిన్ సారోమ్ అను వితంతువు వ్రాసుకొను విన్నపము.

విషయం: ఠాణాలో ఉన్న మొనీ అను కుర్రవాణ్ణి రేపు క్షమాపణ పేరిట దిగువ ఊరికి అప్పగించవద్దని కోరుట గురించి.

1. కుర్రవాళ్ళు నీళ్ళ మీద కుక్కల్లా కరుచుకుంటున్నారు, కాస్త మర్యాద నేర్పమని నన్ను నియమించినది తమరే. నేర్పాను. ఏటికి ఎదురు వచ్చే పడవ ఒడ్డువారగా తప్పుకోవాలని, పడవ బోల్తాపడితే చెక్కను వదలరాదని, తెడ్డు నీటిని కొట్టడానికే తప్ప మనిషిని కొట్టడానికి కాదని చెప్పాను. నడిమిది ఒక్కటే వంటబట్టింది.

2. మొన్న ఆదివారం సాధన వేళ, లంక వెనుక సన్నపాయలో రెండు పడవలు ముఖాముఖి వచ్చినవి. తప్పుకోవలసినది దిగువ పడవ. ముక్కున కళ్ళు గీసుకున్న పడవ తప్పుకుంటే "పడవ కళ్ళు మూసింది" అని నవ్వుతారని తమకు తెలియనిది కాదు. దిగువ పడవ ముందుబల్ల మీది పిసెత్ లేచి నిలబడ్డాడు.

"మా పడవ కళ్ళు మూయదురా! కావాలంటే మీదే మూయించుకోండి!"

ఎగువ పడవలోంచి మొనీ అందుకున్నాడు. "మీ పడవకి కళ్ళెందుకురా? ఎప్పుడూ చూసేది మా వెనకేగా!"

నేను ఒడ్డు మీంచి ఈల ఊదుతూనే ఉన్నాను. ఎవడు విన్నాడు! తెడ్లు లేచాయి. ఒకడి పళ్ళు రాలాయి, ఇంకొకడి పక్కటెముకలు విరిగాయి, మొనీ వేసిన దెబ్బకు పిసెత్ కుడిచెయ్యి మోచేతి దగ్గర వేలాడింది. నీళ్ళు ఎర్రబడటం ఈ కళ్ళతో చూశాను. రెండు పడవలూ బోల్తాపడ్డాయి.

3. విరిగిన చేత్తో పిసెత్ మునిగాడు. వాడి పడవవాళ్ళు ముగ్గురు చుట్టూ ఈదుతూ "చొక్కా పట్టుకోండ్రా, చొక్కా!" అని అరిచారు. పందెపు కుర్రాడికి చొక్కా ఎక్కడిది? నీటి పైన కనిపిస్తున్నది నడినెత్తి ఒక్కటే. ఒకడు చెయ్యి చాచి, నిప్పు తగిలినట్టు వెనక్కి తీసుకున్నాడు. పరాయివాడి తల ముట్టే పాపానికి ప్రాణం ఒప్పలేదు.

మొనీ ముట్టుకున్నాడు. కొట్టినవాడే వెనకనుంచి జుట్టు పిడికిట పట్టి ఒడ్డుదాకా ఈడ్చాడు. నేను కడుపు మీద నొక్కితే పిసెత్ నీళ్ళు కక్కి, నన్ను బూతు తిట్టి బ్రతికాడు.

4. ఇక ఫిర్యాదు సంగతి. పిసెత్ తండ్రి ఛుం ఇచ్చిన కాగితంలో విరిగిన చెయ్యి ఊసే లేదు. పళ్ళ ఊసు లేదు. "నా కొడుకు తలను ముట్టి, జుట్టు పట్టి ఈడ్చినాడు" అని మాత్రమే ఉంది. ఠాణా పెద్దను ఇదేమి న్యాయమని అడిగాను.

"చెయ్యి అతుక్కుంటుంది పిన్నీ, పోయిన తలగౌరవం అతుక్కుంటుందా? కుర్రాడు వాళ్ళింటికెళ్ళి కాళ్ళ మీద పడితే సరిపోతుంది" అన్నాడు.

సరిపోదు. ఛుం తాటిచెట్లు గీసేవాడు. గీతకత్తి రాతి మీద నూరుతుంటే దగ్గరకు వెళ్ళాను. తలెత్తకుండానే అన్నాడు: "ఆ చెయ్యి ఒక్కటి నాకిచ్చెయ్యండి పిన్నీ. మిగతా పిల్లాణ్ణి మీరే ఉంచుకోండి."

5. అయ్యా, జుట్టు పట్టమన్నది నేను. ఎదురుగా వెళితే మునిగేవాడు వాటేసుకొని ఇద్దర్నీ ముంచుతాడు, వెనకనుంచి జుట్టు పట్టండని పోయిన వానల్లో నేర్పాను. "తల ముట్టుకుంటే పాపం కదా పిన్నీ?" అని అడిగింది ఈ మొనీయే. "నీళ్ళ పైన పాపం, నీళ్ళల్లో పుణ్యం" అన్నాను. ఇంతమందిలో ఈ పాఠం బుర్రకెక్కించుకున్నవాడు వాడొక్కడే. ఆ ఒక్కడి చెయ్యే నరకబోతున్నారు.

6. చెయ్యి విరగ్గొట్టినందుకు మొనీని దండించండి. నేనే తెడ్డుతో నాలుగు తగిలిస్తాను, తమరు చూడవచ్చును. జుట్టు పట్టినందుకు మాత్రం వాణ్ణి కత్తికి అప్పగించవద్దు.

కావున తమరు ఈ విన్నపము చిత్తగించి, చిత్తగించిన వెంటనే ఠాణా తాళంచెవి తమ దగ్గరకు తెప్పించుకొనవలెను.

తమ విధేయురాలు,
యిన్ సారోమ్

జతపరచినది: జుట్టు, అరిటాకు పొట్లంలో.

మళ్ళీ వ్రాయునది: సంతకం చేసి లేవబోతుంటే పిసెత్ వచ్చాడు. కట్టుకట్టిన చెయ్యి మెడకు వేలాడుతోంది. నా చేపల కత్తి తీసి నా ముందు పెట్టి కూర్చున్నాడు.

"పిన్నీ, గొరిగెయ్. నాన్న గొడవంతా ఈ జుట్టు గురించేగా. ఆయన కత్తి దీని మీద వెయ్యమను."

"తల ముట్టుకోవాలి కదరా."

"ముట్టుకో. వాడు ముట్టుకోబట్టేగా ఇంకా ఉంది!"

గొరిగాను. చేపల కత్తికి రెండుచోట్ల తెగింది, జుట్టుకు అంటిన నెత్తురు అదే. మొనీ చేతికి బదులు ఛుంకు ఇప్పించమనే ఈ పొట్లం. అయ్యా, ఇప్పుడు ఆ తల నేనూ ముట్టుకున్నాను. తమరు మొనీని రేపు పంపేటట్లయితే నాకు కబురు పెట్టండి. వాడి చెయ్యి పక్కన నా చెయ్యీ పెడతాను.