మూలగని ట్రాన్స్‌ఫార్మర్

ధర్మవరం,
ఆదివారం, ఆగస్టు 1983.

చిరంజీవి సౌభాగ్యవతి లక్ష్మీనరసమ్మకు ఆశీర్వదించి రాయునది. ఇక్కడ నేను బాగున్నాను, మగ్గం బాగుంది, ఎదురింటి నాగలక్ష్మమ్మ నోరు అన్నిటికన్నా బాగుంది. ఆ బెంగుళూరు ఆస్పత్రిలో నీవూ, నీ పక్కన మన పిల్లోడు కుళ్ళాయప్పా బాగుంటే నాకు అదే చాలు. ఇన్నేండ్లూ నిన్ను "ఏమే" అనే పిలిచినాను. కవరు మీద పేరు రాయవలసి వచ్చేసరికి ఒక్కో అక్షరం దిద్ది దిద్ది రాసినాను. అక్షరాలు వంకరపోయి ఉంటే కుళ్ళాయప్ప కూడబలుక్కొని చదివి వినిపిస్తాడులే.

వాడిచేత నీవు రాయించిన జాబు చేరింది. వాన పడిందా అని అడిగినావు. పడలేదు. మబ్బు పట్టింది, ఊరంతా తలెత్తి చూసినారు, గాలికి అది పామిడి దిక్కు పోయింది. కొళాయి నీళ్ళు రోజు మార్చి రోజు వస్తున్నాయి. అన్నం మాట అడిగినావు. సంగటి నేనే కెలుక్కుంటున్నాను. ఉండలు కడుతోంది, అయినా తింటున్నాను. మగ్గం మీద చీర నీవు పోయిననాడు యాడ ఉండిందో ఇంచుమించు ఆడనే ఉంది. జాబు చివర ఇంకొకటి అడిగినావు. దానికి జవాబు నేనూ చివరనే రాస్తాను.

ఈ వయసులో రేడియో సామాన్లతో నీకేం పని అని కూడా రాయించినావు. ఆ కబురు నాగలక్ష్మమ్మే పంపించి ఉంటుంది. నిజమే, ఆంప్లిఫైయర్ చేయిస్తున్నాను. పెండ్లిండ్లలో పెట్టే మైకు సెట్టు లాంటిదే, అంత పెద్దది కాదు. గొంతు ఆపరేషన్ అయినాక నీకు గుసగుస మాత్రమే మిగిలిందని కుళ్ళాయప్ప రాసినాడు గదా. ఆ గుసగుసను పెద్దది చేసే పెట్టె అన్నమాట. కొత్తది కొనేంత శక్తి లేక, బస్టాండు కాడ రేడియోలు బాగుచేసే నూర్ మహమ్మద్‌ను పట్టుకున్నాను. స్పీకరు, మైకు, తక్కిన సామానంతా వాడి దగ్గర పాతది ఉంది. కరెంటును తగ్గించి పెట్టెకు అందించే ఇనుప దిమ్మ ఒక్కటి లేదు. దాన్ని ట్రాన్స్‌ఫార్మర్ అంటారు.

"అనంతపురం పోయి తీసకరా మామా. పన్నెండు వోల్టులు, రెండు ఆంపియర్లు అని చెప్పు. చేత్తో ఎత్తి చూసి తీసుకో," అన్నాడు.

"ఎత్తి చూసేది నువ్వు నేర్పిస్తావేమిరా నాకు? పట్టు తూకం చూసి చూసి నెత్తి నెరిసిండాది," అన్నాను.

అంగట్లో రెండు తెచ్చి ముందర పెట్టినారు. మీద రాసింది రెండింటికీ ఒకటే. ఒకటి తేలిగ్గా ఉంది, ఇంకొకటి గుండ్రాయి లాగా ఉంది. పట్టు బరువుగా తగిలిందంటే నీళ్ళు చల్లి తెచ్చినాడని నీకూ తెలుసు. అట్లాంటి వాళ్ళను ఎంతమందిని మన గడప కాడి నుంచే వెనక్కి పంపలేదు! ఇక్కడ కూడా బరువుతోనే మోసం చేస్తారని తేలికదే తీసుకున్నాను. "పెద్దాయనా, ఇది తీసుకో, మంచిది," అని అంగడాయన బరువుది ముందుకు తోసినాడు. అట్లా తోసేసరికి నా అనుమానం ఇంకా గట్టిపడింది.

నూర్ మహమ్మద్ దాన్ని పెట్టెలో బిగించి స్విచ్చు వేసినాడు. "ఎట్లుండాది మామా?" అన్నాడు.

"బాగుండాది."

"యాడ బాగుండాది? తేనెతుట్టె కదిలించినట్ల మూలుగుతాంటే! ఈ మూలుగులో అత్త మాట యాడ ఇనపడుతాది?" అని నా మొహం చూసి ఆగినాడు. "మామా, నీకు ఇది ఇనపల్యా?"

"నాకు చెవుడని చెప్పేకి నువ్వెవడ్రా?" అని లేచినాను.

వాడు నా చెయ్యి పట్టుకొని ఆ ఇనుము మీద పెట్టినాడు. కాలుతోంది. అరచేతి కింద వణుకుతోంది. మగ్గం గుంటలో కాళ్ళకు చప్పుడు తెలిసినట్టు తెలిసింది. అప్పుడు మెల్లగా చెప్పినాడు: "ఇది పట్టు కాదు మామా. దీంట్లో మోసం చేసేటోడు ఇనుము తగ్గిస్తాడు, రాగి తగ్గిస్తాడు. బరువుండేదే నికార్సైంది."

మళ్ళీ బస్సెక్కి అనంతపురం పోయినాను. తప్పు నాదేనని చెప్పి బరువుది అడిగినాను. నేను అట్లా నిలబడి అడగడం నీవు చూడాల్సింది, నాలుగు నెలలు నవ్వేదానివి. అంగడాయన మార్చి ఇచ్చినాడు.

ఈసారి మూలుగు లేదన్నాడు నూర్ మహమ్మద్. నేను చెయ్యి పెట్టి చూసుకున్నాను. వణుకు లేదు. నాగలక్ష్మమ్మను పిలిచి, మైకు ముందర గుసగుసగా ఏదన్నా అనమన్నాము. "ఇంత పొగరుబోతు ముసలోనితో ఆ తల్లి ఎట్ల యేగిందో ఏమో," అనింది. మాట మాటా తెలిసింది. తిట్టబోయి ఊరుకున్నాను. ఎదుటి మనిషి మాట చివరిదాకా నా చెవిలో పడి ఎంతకాలమైందో గుర్తు రాలేదు.

కుళ్ళాయప్పా, ఇక్కడి నుంచి మీ అమ్మ పక్కన కూర్చొని నిదానంగా చదువు. ఇది నీకూ తెలియదు.

"రైలు కాడ నేను చెప్పింది మరవలేదు గదా, సరే అన్నావు," అని రాయించినావు. ఆ మాట ఏందో అమ్మ తనకు కూడా చెప్పలేదని వాడు కింద రాసినాడు. ఆరోజు నీవు కిటికీ ఊచలు పట్టుకొని, వంగి, ఏదో చెప్పినావు. నీ కండ్లలో నీళ్ళున్నాయి. నేను "సరేలే" అన్నాను. నీవు నవ్వినావు. రైలు కదిలింది.

లక్ష్మీనరసమ్మా, నాకు అది వినపడలేదు.

రైలు చప్పుడు వల్ల కాదు. చానా ఏండ్లుగా నాకు సరిగ్గా వినపడదు. నీ మొహం చూసి, పెదవులు చూసి, ఊ కొడుతూ వచ్చినాను. నీవు రెండోసారి చెప్పబోతే కసురుకున్నది అందుకే. చెవిటోడు అనిపించుకునే దానికన్నా కోపిష్టి అనిపించుకునేదే మేలనుకున్నాను. నీ గొంతు పోయిందని విని వీధిలో ఆడవాళ్ళు ఏడ్చినారు. నాకు నీ గొంతు వాళ్ళకన్నా ఎంతో ముందే పోయింది. ఎట్లుండేదో గుర్తు చేసుకోవాలని కండ్లు మూసుకుంటే మగ్గం చప్పుడే వస్తోంది.

దేనికి సరే అన్నానో తెలియనోడిని, ఆ మాట ఎట్లా నిలబెట్టుకునేది?

రేపు కాక పై సోమవారం ఇంకొక ఆపరేషన్ చేస్తారని, దాంతో ఆ గుసగుస కూడా ఉండదని కుళ్ళాయప్ప రాసినాడు. నేను శనివారం రైలుకు వస్తున్నాను. పెట్టె బరువుగా ఉంది, ఒళ్ళో పెట్టుకుంటాను. నీ మంచం దగ్గర ప్లగ్గు ఉందో లేదో వాడిని చూసి పెట్టమను. లేకపోయినా నూర్ మహమ్మద్ పొడుగు వైరు ఇచ్చినాడు. నేను వచ్చేదాకా ఎవరితోనూ మాట్లాడి అలసిపోవద్దు. వచ్చినాక ఆ మాట ఇంకొక్కసారి చెప్పు. తిట్టయినా పరవాలేదు. ఈసారి విన్న తర్వాతే సరే అంటాను.

ఇట్లు,
నీవు పిలిచే
కుళ్ళాయప్ప నాయన