దుర్బిణి తుపాకీ

మిషిగన్ అడవి, నవంబరు 17, 1958

లోర్నా, చలి తప్ప నాకే బాధా లేదు, దిగులుపడకు.

నువ్వు వద్దన్నా మీ నాన్న తుపాకీ కొట్లో ఇచ్చేసి దుర్బిణి ఉన్నది కొన్నానా, తెల్లవారగానే పొగమంచులోంచి దుప్పి కలలోలా వచ్చి నిలబడింది. దుర్బిణికి నా ఊపిరి ఆవిరి పట్టి అంతా పాలలా కనిపించింది. పేల్చాను, తప్పింది. అది నావంక ఓసారి చూసి, తొందరేమీ లేనట్టు మంచులో కలిసిపోయింది.

గురి తప్పినవాడికి ఇక్కడ చేసే మర్యాద తెలుసుగా. మీ బాబాయి హార్లన్ నా చొక్కా అంచు కత్తిరించి, ఇదివరకు గురి తప్పినవాళ్ల ముక్కల పక్కన వేటగుడిసె గోడకు మేకుతో కొట్టాడు. "డబ్బు పోసి గుడ్డికన్ను కొన్నావేమయ్యా అల్లుడూ!" అన్నాడు.

నువ్వు కుట్టిన ఎర్రగళ్ల చొక్కాయే, కోప్పడకు. పాత తుపాకీ ఇంకా కొట్లో ఉంటే ఎవరికీ అమ్మొద్దని చెప్పు. కట్టెలు తడవనీయకు. పిల్లలకు ముద్దులు.

గోడమీద ముప్పై ఏళ్ల ముక్కలూ వెతికాను. మీ నాన్నది ఒక్కటీ లేదు.

వెర్లిన్