నలభై మూడో పుట తీసివేయుట గురించి

పాఠ్యప్రణాళిక విచారణ సంఘం కార్యదర్శి గారి సముఖమునకు,
రెండో అంతస్తు, ఎడమవైపు మూడో గది.

అయ్యా,

విషయం: దేశంలోని బడిపిల్లలందరికీ ఒకే పాఠ్యప్రణాళిక ఉండవలెనని కోరుతూ నేను లోగడ సమర్పించిన అర్జీకి జతపరచిన జవాబు పత్రాన్ని (ఫైలులో 43వ పుట) తీసి, దానిని రాసిన విద్యార్థినికి తిరిగి ఇప్పించుట గురించి.

దిగువ సంతకం చేసిన నేను ఇరవై మూడేళ్లుగా సాంఘిక శాస్త్రం బోధిస్తున్న ఉపాధ్యాయుడను. తమ కార్యాలయానికి కొత్తవాణ్ని కాను. ప్రహరీ గోడ గురించి నాలుగు, మరుగుదొడ్ల గురించి ఏడు, బడిగంట దొంగతనం గురించి ఒకటి, ఒకే పాఠ్యప్రణాళిక గురించి ఒకటి, వెరసి పదమూడు అర్జీలు నా చేతి మీదుగా తమకు చేరాయి. స్టాఫ్ రూములో నన్ను అర్జీల మాస్టారు అంటారు. నేనూ కాదనను, లోపల కాస్త పొంగిపోతాను కూడా. ఈ పద్నాలుగోది రాయడానికి మాత్రం చెయ్యి రావడం లేదు. అయినా మనవి చేసుకుంటున్నాను.

1. ఒక ఊరి బడిలో చదివిన పిల్ల మరో ఊరి బడికి వస్తే అక్షరం ముక్క రానిదానిలా నిలబడవలసి వస్తున్నదని, ఊరికో పుస్తకం ఉండటమే ఇందుకు కారణమని, కావున దేశమంతటికీ ఒకే పుస్తకం, ఒకే పరీక్ష ఉండవలెనని సదరు అర్జీలో వాదించాను. రెండు వందల పన్నెండు మంది చేత సంతకాలు చేయించాను. వారిలో చదివి సంతకం పెట్టినవారు పద్దెనిమిది మంది. మిగతావారు నా మొహం చూసి పెట్టారు.

2. వాదనకు రుజువు ఉండాలి కదా అని ఒక జవాబు పత్రం జతపరిచాను. అది మా ఏడో తరగతిలో కొత్తగా చేరిన అమ్మాయిది. ఆమె తండ్రి వంతెన పనుల్లో ఇనుప కమ్మీలు కట్టే మేస్త్రి. ఎక్కడ వంతెన పని పడితే అక్కడికి సంసారం. ఇక్కడి పని కోసం వచ్చి, ఏడాది మధ్యలో పిల్లను మా బడిలో వేశారు. చేరిన పదకొండో రోజున నేను పరీక్ష పెట్టాను. సంవత్సరంలో కాలాలు ఎన్ని అన్న ప్రశ్నకు ఆ పిల్ల, "రెండు. నీళ్లు ఉన్నప్పుడు, నీళ్లు లేనప్పుడు" అని రాసింది. రైలు స్టేషనులో ఏమేమి ఉండును అంటే, "చూడలేదు" అని రాసింది. మన జిల్లా సరిహద్దులు ఏవి అంటే, "తెలియదు. కనుక్కుని రాస్తాను" అని రాసింది.

3. బహిరంగ విచారణ నాడు హాలు వెలితిగా కనిపించరాదని తమ కార్యాలయం నుండి కబురు రాగా, ఏడో తరగతి పిల్లలను ఉతికిన బట్టలతో వరుస కట్టించి తీసుకువచ్చింది నేనే. ఆ జవాబులను తమ సిబ్బంది మైకులో చదివారు. హాలంతా ఒకటే నవ్వు. పత్రం మీద పేరు కనిపించకుండా తెల్లకాగితం ముక్క అంటించాను కనుక నా ధర్మం నేను నెరవేర్చానని అనుకున్నాను. అయితే "ఈ మధ్యనే చేరిన విద్యార్థిని" అని అర్జీలో రాసింది కూడా ఈ మహానుభావుడే. మా ఏడో తరగతిలో ఈ మధ్య చేరింది ఒక్కతే. నలభై తలలు ఒక్కసారి వెనక్కి తిరిగాయి. ఆ పిల్ల ఆఖరి వరుసలో, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, మైకు వైపే చూస్తూ కూర్చుంది. తమరు నవ్వారో లేదో నేను గమనించలేదు. నేను మాత్రం నవ్వాను.

4. మర్నాటి నుండి తరగతిలో ఆమె పేరు "రెండుకాలాలు" అయింది. మూడు రోజులు వచ్చింది. నాలుగో రోజు నుండి రావడం లేదు. వరుసగా ముప్పై రోజులు రాని విద్యార్థి పేరు హాజరు పట్టీ నుండి తీసివేయవలెనని నిబంధన. నేటికి ఇరవై ఆరు రోజులు. పట్టీ నా దగ్గరే ఉంటుంది. రోజూ ఆ గడిలో సున్నా చుట్టేది నేనే.

5. సదరు పుట పొరపాటున జతపడినందున

(పై వాక్యం కొట్టివేయడమైనది. కొట్టివేతకు పక్కన సంతకం పెట్టాను.)

ఇది ఎందుకు కొట్టివేశానో చెప్పుకోవాలి. పోయిన సోమవారం ఆ కాగితం కోసం తమ కార్యాలయానికి వచ్చాను. గుమాస్తాగారు ఫైలు తెరిచి, వేలితో పుట అంచు చూపించారు. "నంబరు పడిపోయింది మాస్టారూ. నంబరు పడ్డ కాగితాన్ని దేవుడొచ్చినా తీయలేడు. నలభై రెండు తర్వాత నలభై నాలుగు ఉంటే రేపు ఆడిట్‌లో నా పీక మీదికొస్తుంది. ఒకటే దారి. పొరపాటున జతపడిందని ఓ అర్జీ పడేయండి. పొరపాటుకి ఎవరూ కాదనరు" అన్నారు. మంచి మనిషి. నా మేలు కోరే చెప్పారు. కానీ అది పొరపాటు కాదు.

6. ఆ జవాబు పత్రానికి రెండు కాగితాలు ఉన్నాయి. తమకు పంపింది మొదటిది మాత్రమే.

రెండో కాగితంలో ఆఖరి ప్రశ్న ఉంది: మీకు బాగా తెలిసిన విషయం గురించి పది వాక్యాలు రాయుము. ఆ పిల్ల పదిహేడు రాసింది. ఏరు పొంగడం గురించి. "గట్టు మీద పుల్ల గుచ్చాలి. జానెడు నీరు పెరగడానికి ఎంతసేపు పట్టిందో చూడాలి. రెండో జానెడు త్వరగా పెరిగితే సామాను కట్టుకోవాలి. మూడోది ఇంకా త్వరగా పెరిగితే సామాను వదిలేయాలి." నాకు ఇరవై మూడేళ్ల సర్వీసులో ఏ పిల్లా ఇలా రాసి ఇవ్వలేదు. కింద ఎర్ర సిరాతో "చాలా బాగుంది" అని నేనే రాసి, పదికి పది వేశాను.

అది చూపిస్తే నా వాదన నిలబడదు. అందుకని రెండు కాగితాలను కలిపిన పిన్నును గోటితో ఊడదీశాను. రెండోదాన్ని బల్ల సొరుగులో వేసి, మొదటిదాన్ని అర్జీకి గుచ్చాను. ఆ సమయంలో స్టాఫ్ రూములో ఎవరూ లేరు. ఎవరైనా ఉండి ఉంటే చేసేవాణ్ని కాను. అంటే అది తప్పని నాకు అప్పుడే తెలుసు.

7. పోయిన ఆదివారం, అంటే తమ కార్యాలయానికి వచ్చిన ముందురోజు, వంతెన దగ్గర వారు ఉంటున్న రేకుల షెడ్డుకు వెళ్లాను. తిడతారనే సిద్ధపడి వెళ్లాను. మేస్త్రి నన్ను చూసి లేచి, చేతులు తుడుచుకుని, ఉన్న ఒక్క స్టూలూ నాకు వేశారు. "మీరే వచ్చారా మాస్టారూ, కబురు పెడితే నేనే వచ్చేవాణ్ని కదా" అన్నారు. రెండు చెంపదెబ్బలు కొట్టినా అంత బాధ ఉండేది కాదు.

పిల్ల లోపలి నుండి తన పాత బడి పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. వాళ్లు అంతకుముందు ఉన్నది నది చీలికల మధ్య ఉన్న ఊరు. అక్కడి బడివాళ్లు తమ పిల్లల కోసం తామే రాసుకున్న పుస్తకం అది. పన్నెండో పుట తీసి వేలు పెట్టింది. సంవత్సరంలో కాలాలు రెండు, అని అచ్చులోనే ఉంది.

"నేను సొంతంగా రాయలేదు మాస్టారూ. మా పుస్తకంలో అలాగే ఉంది. మీరు అడిగింది మీ పుస్తకం గురించని నాకు తెలీదు."

"నాదే తప్పమ్మా. రేపు బడికి రా" అన్నాను.

"నా కాగితం ఇస్తే వస్తా. అది నేను మీకు రాసిచ్చాను. వాళ్లకి ఇవ్వలేదు."

నా దగ్గర లేదని, అధికారుల ఫైలులో ఉందని చెప్పబోయి, ఆ మాటలు నా నోటికే రోతగా తోచి, తెచ్చిస్తానన్నాను.

తిరిగి వస్తుంటే మేస్త్రి రోడ్డు దాకా వచ్చారు. "ఒకటే పుస్తకం అంటే నాకూ ఇష్టమే మాస్టారూ. నాలుగు ఊళ్లు తిప్పాను దీన్ని. నాలుగు చోట్లా మళ్లీ మొదటి పాఠమే. చదువుకి కాళ్లొచ్చి మాతో నడిచొస్తే అంతకంటే ఏం కావాలి? కానీ ఆ ఒక్క పుస్తకం ఎవరు రాస్తారు? పుల్ల గుచ్చడం తెలిసినోళ్లు ఉంటారా అందులో?" అన్నారు. సాంఘిక శాస్త్రం చెప్పేవాణ్ని, బస్సు వస్తోందని చెప్పాను. బస్సు రావడం లేదు.

8. కావున ఒకే పాఠ్యప్రణాళిక కావాలా వద్దా అన్న విషయమై నా ప్రస్తుత అభిప్రాయం ఏమని తమరు అడగవచ్చు. ఒకే పుస్తకం ఉంటే ఆ పిల్ల ఆ రోజు నవ్వులపాలయ్యేది కాదు. ఇది ఇప్పటికీ నమ్ముతున్నాను. ఆ ఒక్కటీ నాలాంటివాడు కూర్చుని రాస్తే, పదిహేడు వాక్యాలు రాసే పిల్ల ఎక్కడా తయారవదు. ఇదీ నమ్ముతున్నాను. రెండు పడవల మీద కాళ్లు పెట్టానని తమరు అనుకుంటే అనుకోండి. విచారణ సంఘం పెద్దలు తేల్చుకోవలసిన ప్రశ్న అది. ఎవరు ఎటు తేల్చినా, ఒక పన్నెండేళ్ల పిల్ల పరువును రుజువుగా గుచ్చే హక్కు నాకు లేదు. పత్రం దిద్దిన నాకు పిల్ల తెలివి తెలుసు. తెలిసి కూడా దాచాను. ఇన్నేళ్లు పిల్లలకు కాపీ కొట్టవద్దని చెప్పిన నోటితో ఈ సంగతి ఎవరికి చెప్పుకోను?

9. సంఘం నివేదిక శుక్రవారం అచ్చుకు పోతుందని, నా అర్జీ జతపత్రాలతో సహా అందులో ఉంటుందని, ఆ నివేదిక ప్రతి బడికీ వస్తుందని గుమాస్తాగారు చెప్పారు. వచ్చే బళ్లలో మాదీ ఒకటి. రేపు ఆ పిల్ల చేరబోయే బడి కూడా ఒకటి.

అందుచేత కోరేది ఏమనగా: నలభై మూడో పుట అచ్చులోకి పోకుండా ఆపించండి. దాన్ని ఫైలు నుండి తీసి నాకు ఇప్పించండి, తీసుకువెళ్లి ఆమె చేతిలో పెడతాను. ఖాళీ అయిన నంబరులో ఈ అర్జీ గుచ్చండి, గుమాస్తాగారికి ఆడిట్ ఇబ్బంది ఉండదు. రెండో కాగితం మాత్రం జతపరచడం లేదు. అడగకుండా ఆ పిల్ల రాసింది ఇంకెవరికీ చూపనని నాకు నేను మాట ఇచ్చుకున్నాను. అందులోని నాలుగు వాక్యాలు పైన రాసింది ఆమె అనుమతితోనే.

నా మీద ఏ చర్య తీసుకున్నా అభ్యంతరం లేదు. కోపం వచ్చినా చివరిదాకా చదివి చిత్తగించవలెను.

తమ విధేయుడు, ఆ పిల్లకు అపరాధి,
ఏడో తరగతి సాంఘికం మాస్టారు

తా.క.: ఈ అర్జీని తమకు ఇవ్వడానికి ముందు షెడ్డుకు తీసుకువెళ్లి తండ్రీకూతుళ్లకు చదివి వినిపించాను. పిల్ల మొత్తం విని, "దీన్ని కూడా మైకులో చదువుతారా మాస్టారూ?" అని అడిగింది. లేదమ్మా, ఇది ఫైలులో ఉంటుంది, అధికారులే చూస్తారు అన్నాను. "మరి నాది అందరి ముందూ చదివారుగా" అంది.

అయ్యా, గురువారం ఆఖరి విచారణ ఉంది. ఏడో తరగతిని తీసుకువస్తాను. ఆ పిల్ల కూడా వస్తానంది, వినడానికి మాత్రమే. బడి సంగతి విన్న తరువాత చెబుతానంది. ఇందులో ఒక్క పేరా వదలకుండా, ఆరో పేరాతో సహా, మైకులో చదివించండి. ఎవరైనా నవ్వితే ఆపవద్దు.