బొట్టు పెట్టి పిలవని ఓటు

గంగాధరప్ప గారికి, ఎన్నికల విభాగం నుంచి ఇమ్మానుయేల్ నమస్కారాలు.

మీ పల్లెలో డిగ్రీ చదివిన పెద్దవారని విని రాస్తున్నాను. మొన్నటి ఎన్నికలో మీ ఊరి ఆడవాళ్లు దాదాపు ఎవరూ ఓటు వేయలేదు. ఇట్లాగే ఉంటే మీ పోలింగు కేంద్రాన్ని తనకల్లుకు మార్చే ఆలోచన ఉంది. కారణం తెలుపగలరు.
ఇట్లు, ఉప తహసీల్దారు.
తా.క.: బహిష్కరణ రోడ్డు కోసమా, నీళ్ల కోసమా?

అయ్యా,
బహిష్కరణ కాదు. పిలుపు లేదు. ఇక్కడి ఆడవాళ్లు బొట్టు పెట్టి పిలవనిదే ఎక్కడికీ పోరు. పోలింగు ముందురోజు మా ఇంటామె హేమావతి కుంకుమభరిణె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి పిలిచేది. ఈసారి పోలేదు. కేంద్రం మార్చకండి. ముసలివాళ్లు తనకల్లు దాకా రాలేరు.
గంగాధరప్ప.
తా.క.: పక్కింటి చౌడమ్మను అడిగాను. "పిల్చకుండా యాడికి పోతారప్పా? ఓటైతే మాత్రం మర్యాద ఉండొద్దా?" అంది.

గంగాధరప్ప గారూ,
కారణం తెలిసి సంతోషం. వచ్చే పంచాయతీ ఎన్నికకు పిలవడానికి మైకు కట్టి ఆటో పంపుతున్నాం. హేమావతి గారిని సోమవారం కదిరిలో శిక్షణకు పంపండి.
ఇమ్మానుయేల్.
తా.క.: భోజనం ఉంటుంది.

అయ్యా,
ఆటో వచ్చింది. పాత ఇనుము కొనేవాడనుకుని అందరూ చిల్లుబకెట్లు తెచ్చారు. హేమావతి శిక్షణకు రాలేదు.
గంగాధరప్ప.
తా.క.: డ్రైవరు రెండు బకెట్లు కొన్నాడు.

గంగాధరప్ప గారికి,
హేమావతి గారు శిక్షణకు ఎందుకు రాలేదో పైవాళ్లు సంజాయిషీ అడుగుతున్నారు. కోపమైతే మేమే వచ్చి సన్మానిస్తాం.
ఇమ్మానుయేల్.
తా.క.: శాలువా ఏ రంగుదైతే బాగుంటుంది?

అయ్యా,
హేమావతి మాఘమాసంలో చనిపోయింది. ఇంతకన్నా పొడుగు సంజాయిషీ నా దగ్గర లేదు.
గంగాధరప్ప.
తా.క.: ఆకుపచ్చ.

అన్నా,
క్షమించండి. తెలియక రాశాను. కేంద్రం మార్పును పంచాయతీ ఎన్నిక దాకా ఆపించగలిగాను. ఆ తర్వాత నా చేతిలో లేదు. మరి ఊళ్లో ఎవరు పిలుస్తారు?
మీ ఇమ్మానుయేల్.

ఇమ్మానుయేల్‌కు,
నేనే పిలిచాను. మగవాణ్ణి, బొట్టు పెట్టకూడదు. భరిణె చాపి నిలబడితే వాళ్లే పెట్టుకున్నారు. "ఏమప్పా, నువ్వొచ్చినావు! పెండ్లి ఎవురిది?" అంది చౌడమ్మ. సర్పంచి ఎన్నిక అన్నాను. "అట్లయితే పట్టుచీర కట్టల్లే" అంది. అందరూ కట్టుకునే పోయారట.
గంగాధరప్ప.
తా.క.: "వేలికి ఇంకు రాసి పొమ్మంటాండారు, ఆకూవక్కా యాడ?" అని చౌడమ్మ అధికారిని నిలదీసిందట. తాంబూలమిస్తే నా ఉద్యోగం పోతుందమ్మా అని ఆయన చేతులు జోడించాడట.

అన్నా,
కేంద్రం మీ ఊళ్లోనే ఉంటుంది! ఆడవాళ్లందరూ ఓటు వేశారు. పైవాళ్లు మిమ్మల్ని మెచ్చుకుంటూ ఒకటి అడగమన్నారు. ఇంత చేసిన మీరు ఓటు ఎందుకు వేయలేదు?
మీ ఇమ్మానుయేల్.

ఇమ్మానుయేల్‌కు,
తెల్లచొక్కా వేసుకుని సాయంత్రం దాకా అరుగు మీద కూర్చున్నాను. నన్నెవరూ పిలవలేదు.
గంగాధరప్ప.
తా.క.: సంగతి తెలిసి చౌడమ్మ వచ్చి బాగా తిట్టింది. వచ్చే ఎన్నికకు ఇప్పుడే పిలిచిపోయింది.