పద్నాలుగో నంబరు మెషీను

టాటీబంధ్,
8 మే 2021

ప్రియమైన నాన్నకి,

పై గిన్నెలో వంకాయ కూర, కింది గిన్నెలో నా కోపం. నీ ఫోను నెట్ కోసం నాకిచ్చేశావు కాబట్టి, ఏం చెప్పాలన్నా ఇలా సూరిబాబు మామయ్య పాల ఆటోలో క్యారియర్‌తో పంపాల్సిందే. లాక్‌డౌన్ పుణ్యమా అని నువ్వు కాలేజీ గేటు గదిలో కాపలా, నేనూ అమ్మా ఇక్కడ.

అసలు మీ కాలేజీలో మనుషులున్నారా నాన్నా? అక్కడి మా యానిమేషన్ ల్యాబులో పెద్ద కంప్యూటర్లని ఇంటి నుంచే నడుపుకోండని గొప్పగా చెప్పారు. నాకు పద్నాలుగో నంబరు ఇచ్చారు. నా సినిమాలో సిల్తారా ఫ్యాక్టరీల పొగ ఊరి మీదికి దిగాలి. ఆ పొగ తయారవ్వాలంటే మెషీను ఇరవై గంటలు ఆగకుండా నడవాలి. రోజూ సాయంత్రం ఆరవగానే ఎవడో ఆపేస్తున్నాడు! నాలుగుసార్లు మొదటికొచ్చింది. ఇరవయ్యో తారీఖులోగా ఇవ్వకపోతే నా ఏడాది పోతుంది. ఊరుకుంటానా? ఆ బాధ్యత లేని మనిషి మీద చర్య తీసుకోవాలని ప్రిన్సిపాల్‌కి ఘాటుగా మెయిల్ కొట్టాను.

వాడెవడో కనిపిస్తే నువ్వూ నాలుగు తగిలించు.

నీ లహరి

కాలేజీ గేటు,
12 మే

బంగారు తల్లి లహరికి,

కూర బాగుంది, ఉప్పే మీ అమ్మ మర్చిపోయింది. నీ ఉత్తరం చదివితే ఒళ్లు మండిపోయింది. పిల్లల కష్టం తెలీని ఆ వెధవ ఎవడో దొరకనీ, చెవి మెలిపెట్టి నీ ముందు నిలబెడతాను.

నాకూ ఓ తద్దినం వచ్చిపడిందమ్మా. నిన్న చేతిలో నోటీసు పెట్టారు. అంతా ఇంగ్లీషు. ఎవరో నా మీద ఫిర్యాదు చేశారట, మూడు రోజుల్లో జవాబివ్వకపోతే ఉద్యోగం ఉండదని ఆఫీసు గుమాస్తా బాబు చెప్పాడు. ఏటి సేసేనమ్మా నేను? తోటి చౌకీదార్లిద్దరూ జ్వరాలతో ఇళ్లకి పోతే గేటూ నేనే, గదులూ నేనే. సాయంత్రం ఆరింటికి మూడంతస్తులూ తిరిగి, ఒక్క తెరా వెలగడం లేదని చూసుకుని, కరెంటు మెయిన్ దించి తాళం వేస్తున్నాను. పొద్దున్నే మళ్లీ ఎత్తుతున్నాను. పంతొమ్మిదేళ్లుగా చేస్తున్నదే కదా. అది రాసినవాళ్ల చేతులు పడిపోను!

నోటీసు ఇందులోనే పెట్టాను. చదివి, నా తరఫున గట్టిగా జవాబు రాయి.

మీ నాన్న,
జోగయ్య

టాటీబంధ్,
13 మే

ప్రియమైన నాన్నకి,

నోటీసులో ‘బాధ్యత లేని మనిషి’ అని ఉంది. ఆ మాట నాది. అందులో ఉన్నదంతా నా మెయిలే, కామా కూడా మార్చలేదు. ఆ చేతులు నావే నాన్నా.

తెర నల్లగా ఉన్నా పక్కనున్న పెట్టె పని చేస్తూనే ఉంటుంది. నేనిక్కణ్ణించి నడిపేది దాన్నే. ఇది నీకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు! మెషీన్లు ఆపొద్దని అందరికీ మెయిల్ పెట్టారట. తాళాలన్నీ నీ చేతిలో పెట్టిన పెద్దమనుషులకి, గేటు దాటుతూ నీతో ఒక్క మాట అనడానికి తీరిక లేదు. నోటీసివ్వడానికి మాత్రం బోలెడు తీరిక. సిగ్గుండాలి! జవాబులో ఇదే రాశాను, ఇంకా ఘాటుగా. నీ సంతకానికి చోటు వదిలాను. దాని కింద, ఫిర్యాదు చేసింది ఈయన కూతురేనని రాసి నేనూ సంతకం పెట్టాను.

నన్నెంతైనా తిట్టు. ఇవాళ మాత్రం మెయిన్ దించకు.

లహరి

కాలేజీ గేటు,
15 మే

లహరమ్మకి,

జవాబు ఇచ్చాను. ప్రిన్సిపాల్ గారు రెండుసార్లు చదివి నోటీసు వెనక్కి తీసుకున్నారు. తప్పు మాదేనని మాత్రం నోరు తెరిచి అనలేదు. అందుకు నాకింకా మంటగానే ఉంది. నీ మీద కూడా కొంచెం ఉంది. బాధ్యత లేని మనిషినా నేను! సరేలే, నేనూ నీ చేతులు పడిపోవాలన్నాను. చెల్లుకు చెల్లు.

మొన్నటి నుంచి మెయిన్ దించలేదు. ఎవరూ దించకుండా స్విచ్చు మీద తెలుగులో, హిందీలో చీటీ అంటించాను. నిన్న ఆరింటికి పద్నాలుగో నంబరు దగ్గరికెళ్లాను. తెర నల్లగానే ఉంది. చిన్నప్పుడు నీకు జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యేసి చూసేవాణ్ణి కదా, అలా ఆ పెట్టె మీద చెయ్యేశాను. వెచ్చగా ఉంది. పని చేసుకుంటున్నావని తెలిసింది.

చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను.

మీ నాన్న