సంతకానికి ముందు ఇచ్చిన సూది

సూపరింటెండెంట్ గారికి నమస్కారం.

డాక్టరు గారి సంతకం లేకుండా అనసూర్యమ్మకు యాంటీబయాటిక్ ఎందుకిచ్చానో గంటలోపు రాసివ్వమని మీ మెమో అందింది. మన ఆస్పత్రిలో గంటలోపు కావాలని ఇంతగా పట్టుబట్టిన పని ఇదే మొదటిది, అందుకే వెంటనే రాస్తున్నాను.

తప్పు నాదే. "కీమో తీసుకునేవారికి జ్వరం వస్తే గంటలోపు యాంటీబయాటిక్" అని మీరు రిబ్బను కత్తిరించి పెట్టించిన బోర్డును నిజమనుకున్నాను. అది తనిఖీకి వచ్చేవాళ్ల కోసమని నాకెవరూ చెప్పలేదు.

అనసూర్యమ్మ వర్ధన్నపేట నుంచి ఆటోలో వచ్చింది. జ్వరం నూట మూడు. "జర చలి పెడ్తాంది బిడ్డా, గంతే" అంది. పడని మందులేమైనా ఉన్నాయా అని అడిగి, రక్తం తీసి పరీక్షకు పంపాను. డ్యూటీ డాక్టరు గారు ఆ బోర్డు ఎంత బాగా పనిచేస్తోందో చెప్పే మీటింగులో మీ గదిలోనే ఉన్నారు. నాలుగుసార్లు ఫోన్ చేసి, నలభయ్యో నిమిషంలో సూది ఇచ్చాను. ఆమె మొన్న నడుచుకుంటూ ఇంటికి వెళ్లింది.

ఇకపై సంతకం కోసం ఆగమంటే ఆగుతాను. పోయిన నెల మొగిలి గారికి అదే జ్వరం వస్తే మూడు గంటలు ఆగాను. ఆయన ఫైలులో ఒక్క సంతకమూ తక్కువ లేదని మీరే మెచ్చుకున్నారు.

ఆయన భార్య సోమక్క డెత్ సర్టిఫికెట్ కోసం ఈరోజు కూడా వచ్చింది. "సారు సంతకం ఇయ్యాలనన్న అయితదా బిడ్డా?" అని అడుగుతోంది.

ఏం చెప్పమంటారు?

ఇట్లు,
క్యాన్సర్ వార్డు స్టాఫ్ నర్సు