కొండ ఊట నీళ్ళు

నా బంగారు తల్లీ ఒర్నెల్లా,

ముందు నా సంతోషం చెప్పనీ! రోమ్ పేపర్లో నీ ఫొటో చూసి ఊరందరికీ గొర్రెమాంసం కాల్చిపెట్టాను. ఎక్కడో చుక్క కడుపులో పుట్టి మన కొండలోంచి దూసుకుపోయే రేణువుని, ఆవగింజలో కోటోవంతు కూడా లేనిదాన్ని, ఆ కొండ కింది గుహలో నువ్వు పట్టావట!

నీ ఉత్తరం మర్నాడు అందింది. రేణువుని పట్టే తొట్టి కారి, అందులోని రసాయనపు మందు మన ఊటలో కలిసిందేమోనని, నన్నొక్కణ్ణే ఆ నీళ్ళు ముట్టొద్దని రాశావు. బయటపడితే నీ ఉద్యోగం పోతుందన్నావు.

పొద్దున్నే ఊట దగ్గరికి వెళ్ళాను. నీళ్ళు అద్దంలా ఉన్నాయి, వాసన లేదు. పక్కింటి ఫిలొమేనా రాగిబిందె ముంచుతుంటే చెయ్యి పట్టుకున్నాను.

“ఏం పెద్దాయనా, చుక్కలు చాలక మీ అమ్మాయి మా ఊటనీ పట్టేసిందా?” అని నవ్వింది.

“తాగకమ్మా. ఒర్నెల్లా చెప్పింది.”

ఆమె నవ్వు ఆగిపోయింది. “మూడు రోజుల్నుంచి పసిదానికి ఈ నీళ్ళతోనే పాలు కలుపుతున్నాను” అంది.

నీ మాట దాటాను, క్షమించు. ఆ మందేమిటో, పసిదానికి ఏం చెయ్యాలో నాకు తెలియదు తల్లీ. ఈ ఉత్తరం నీ చేతికిస్తున్నది ఆ బిడ్డ తండ్రే. జవాబు నాకు రాయకు, అతని మొహం చూసి చెప్పు.

నిన్ను చూసి పొంగిపోతున్న
మీ నాన్న